కిట్ నుంచి గింజలకు: ముందు ఒక సంచి కొనండి చాలు

ప్రశ్న: ఏడాదిగా ఇంట్లో ఎక్స్‌ట్రాక్ట్ (చిక్కబరిచిన మాల్ట్ సారం) కిట్లతో బీరు చేస్తున్నాను. తాగడానికి బాగానే ఉంటుంది కానీ ఏ కిట్ చేసినా చివర్లో ఒకటే రుచి తగులుతోంది. రంగు కూడా అనుకున్నదానికంటే ముదురుగా వస్తోంది. ‘ఆల్ గ్రెయిన్‌కి, అంటే పూర్తిగా గింజలతో చేయడానికి, మారితే తప్ప అసలైన బీరు రాదు’ అని తెలిసినవాళ్లు అంటున్నారు. మూడు పాత్రల సెట్ ఒకటి చూసి పెట్టుకున్నాను, ఖరీదు చూస్తే కొనడానికి చేతులు రావడం లేదు. లెక్కలు, ఉష్ణోగ్రతలు, నీటి కెమిస్ట్రీ అంటూ చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. నా దగ్గర 20 లీటర్ల స్టీలు గిన్నె, ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర), హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది) ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? మాష్‌లో, అంటే గింజలను వేడినీళ్లలో నానబెట్టేటప్పుడు, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే మొత్తం పాడవుతుందా? ఇంకా రెండు కిట్లు వాడకుండా ఉన్నాయి, వాటిని ఏం చేయమంటారు?

జవాబు: ఆ సెట్ ఇప్పుడు కొనకండి. మీ 20 లీటర్ల గిన్నె సరిపోతుంది. గిన్నె లోపలంతా పరుచుకుని అంచు మీదుగా బయటికి మడిచేంత పెద్ద సంచి ఒకటి కావాలి. వేడికి తట్టుకునే నైలాన్‌దో పాలియెస్టర్‌దో, సన్నని జాలీ బట్టతో కుట్టినది. దాంతోపాటు నమ్మదగ్గ థర్మామీటర్. గింజలను సంచిలో వేసి, అదే గిన్నెలో నానబెట్టి, సంచి పైకి తీసేసి, మిగిలిన తియ్యటి ద్రవాన్ని (వోర్ట్‌ను) అదే గిన్నెలో మరిగించే ఈ పద్ధతిని ‘బ్రూ ఇన్ ఎ బ్యాగ్’ అంటారు. 2000ల మధ్యలో ఆస్ట్రేలియా హోమ్‌బ్రూవర్ల దగ్గర రూపు దిద్దుకుని అన్ని చోట్లకూ పాకింది. మూడు పాత్రలు చేసే పనే ఇదీ చేస్తుంది. పెద్ద బ్యాచ్‌లు, బాగా ఘాటైన బీర్లు చేయాలనుకున్నప్పుడు మూడు పాత్రల వల్ల కొంత లాభం ఉంటుంది. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది, ఆ కొనేదేదో తెలిసి కొంటారు.

‘అసలైన బీరు’ అన్న మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఎక్స్‌ట్రాక్ట్ అంటే వేరే పదార్థమేమీ కాదు. ఫ్యాక్టరీలో అదే మాల్ట్‌ను మాష్ చేసి, వచ్చిన వోర్ట్‌లోంచి నీటిని ఇగిర్చి చిక్కబరిచినది. తాజా ఎక్స్‌ట్రాక్ట్, ఆరోగ్యంగా ఉన్న ఈస్ట్, సరైన ఉష్ణోగ్రత ఉంటే దానితో చాలా మంచి బీరు వస్తుంది. మీరు చెప్పిన ఆ ఒకే రకం రుచికి నాకు కనిపించే కారణాలు ఇవి. డబ్బాలోని ద్రవ ఎక్స్‌ట్రాక్ట్ నెలల తరబడి నిలవ ఉంటే రంగు ముదురుతుంది, రుచి కూడా మారుతుంది. తక్కువ నీటిలో చిక్కగా మరిగిస్తే రంగు ఇంకా ముదురుతుంది. కిట్ మూత కింద ఉండే ఈస్ట్ ప్యాకెట్ చిన్నది, తరచూ పాతది. కిట్‌తోపాటు కిలో పంచదార వేయమని రాసి ఉంటే, ఆ బీరు పలచగా, మాల్ట్ రుచి లేకుండా వస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది, పులిసేటప్పుడు బీరు వేడెక్కిపోవడం.

ఈ చివరిదాన్ని గింజలు నయం చేయలేవు. 27 డిగ్రీల దగ్గర పులిసిన ఆల్ గ్రెయిన్ బీరు, 27 డిగ్రీల దగ్గర పులిసిన కిట్ బీరు దాదాపు ఒకే తీరుగా నిరాశపరుస్తాయి. అందుకే మీ దగ్గర మిగిలిన రెండు కిట్లు ఇప్పుడు పనికొస్తాయి. వాటిలో ఒకదాన్ని గడువు దాటకముందే చేసేయండి, కానీ దాని ఈస్ట్ పక్కన పెట్టి మంచి పొడి ఏల్ ఈస్ట్ ఒక పూర్తి ప్యాకెట్ వేయండి. సాఫేల్ యూఎస్-05 లాంటిది, 11.5 గ్రాములది. పంచదార వేయమని ఉంటే ఆ స్థానంలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వాడండి. ఫెర్మెంటర్‌ను నీళ్ల టబ్‌లో నిలబెట్టి, ఐస్ సీసాలు మారుస్తూ మొదటి నాలుగైదు రోజులు 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచండి. పులిసే బీరు దానంతట అదే వేడి పుట్టిస్తుంది కాబట్టి గది ఉష్ణోగ్రత చూసి సరిపెట్టుకోవద్దు, ఫెర్మెంటర్ గోడకు అతికించే స్టిక్కర్ థర్మామీటర్ చూడండి. ఆ బీరులో పాత రుచి పోయిందంటే మీ సమస్య గింజలతో తీరేది కానే కాదు, ఇప్పటికే తీరిపోయింది. రెండో కిట్ సంగతి తర్వాత చెబుతాను.

మరి ఇంత కష్టపడి గింజలకు ఎందుకు మారాలి? నా వరకు ఒక పెద్ద కారణం ఉంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఎంత చక్కెర ఈస్ట్ తినగలిగేది, ఎంత మిగిలిపోయి బీరుకు చిక్కదనం ఇచ్చేది అన్నది ఫ్యాక్టరీలో ఎప్పుడో నిర్ణయమైపోయింది. గింజలతో చేస్తే ఆ నిర్ణయం మీది. పొడిగా (తీపి మిగలకుండా), చురుగ్గా తాగే బీరు కావాలంటే ఒక ఉష్ణోగ్రత, నోట్లో నిండుగా ఉండే బీరు కావాలంటే ఇంకొకటి. ఓట్స్, మ్యూనిక్ మాల్ట్, రై, అటుకుల్లా నొక్కిన గోధుమలు లాంటివి ఉత్తినే నానబెడితే పిండి మిగిలిపోతుంది, మాష్ చేస్తేనే చక్కెరగా మారతాయి. ఆ దారి కూడా తెరుచుకుంటుంది. నిజంగా లేత బంగారు రంగు బీరు చేయడం కూడా గింజలతోనే సులువు.

దీనికి మీరు చెల్లించేది సమయం. కిట్ పని రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. గింజలతో చేస్తే కడుక్కోవడంతో కలిపి ఐదారు గంటలు పడుతుంది, సగం బ్యాచ్ చేసినా అంతే. ఖాళీ ఉన్న రోజు పెట్టుకోండి. మధ్యలో వేరే పని పెట్టుకోవద్దు.

భయం తగ్గడానికి ఒక మాట. ఈ మొత్తంలో మీకు కొత్తది ఒకే ఒక్క గంట. హాప్స్ (చేదు, సువాసన ఇచ్చే పూలు) వేసి మరిగించడం, శుభ్రం చేసుకోవడం, ఈస్ట్ వేయడం, సీసాలకు పట్టడం మీకు ఇప్పటికే వచ్చు. ఆ ఒక్క గంట పేరు మాష్. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాని లోపల పిండిపదార్థం ఉంటుంది, ఆ పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు కూడా అందులోనే ఉంటాయి. వేడినీళ్లు తగిలితే ఎంజైములు పని మొదలుపెడతాయి. ముఖ్యమైనవి రెండు. బీటా అమైలేజ్‌కు 60 నుంచి 65 డిగ్రీలు ఇష్టం. అది పిండి గొలుసుల కొసల నుంచి మాల్టోజ్‌ను తెంపుకుంటూ పోతుంది, ఆ చక్కెర మొత్తాన్ని ఈస్ట్ తినేస్తుంది. ఆల్ఫా అమైలేజ్‌కు 68 నుంచి 72 డిగ్రీలు ఇష్టం. అది గొలుసును ఎక్కడ పడితే అక్కడ తెంచుతుంది, అందులో కొన్ని ముక్కలు ఈస్ట్‌కు కొరుకుడు పడకుండా మిగిలి బీరుకు చిక్కదనం ఇస్తాయి. 64 దగ్గర మాష్ చేస్తే పొడి బీరు, 69 దగ్గర చేస్తే నిండైన బీరు. మధ్యలో 66, 67 దగ్గర రెండూ పనిచేస్తాయి. మొదటిసారి 67 పెట్టుకోండి.

మీరు అడిగిన డిగ్రీల సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. 67 అనుకున్నది 65 అయితే బీరు కాస్త పొడిగా వస్తుంది, 69 అయితే కాస్త నిండుగా వస్తుంది. రెండూ బీరే, రెండూ తాగేవే. పాడయ్యేది ఎప్పుడంటే, 75 దాటి చాలాసేపు ఉండి ఎంజైములు చచ్చిపోయినప్పుడు. లేదా 55 దగ్గరే ఉండిపోయి పిండి సరిగా విచ్చుకోనప్పుడు. ఆ రెండింటి మధ్య చాలా చోటుంది. అయితే మీ థర్మామీటరే మూడు డిగ్రీలు తప్పు చూపిస్తుంటే ఈ లెక్కలన్నీ వృథా. నలగ్గొట్టిన ఐస్‌లో కొద్దిగా నీళ్లు పోసి కలిపితే 0 చూపించాలి. దాన్ని ముందే పరీక్షించుకోండి.

ఇక మొదటి బ్యాచ్. 10 లీటర్ల బీరు చేద్దాం, ఒకే మాల్ట్, ఒకే హాప్. రకరకాల మాల్ట్‌లు కలపాలని మనసు లాగుతుంది, ఈ ఒక్కసారికి ఆగండి. ఒకే మాల్ట్‌తో చేస్తే మాష్ వల్ల వచ్చిన రుచి ఏదో నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది. పేల్ ఏల్ మాల్ట్ 2.4 కిలోలు, మరపట్టించినదే కొనండి. కాస్కేడ్ హాప్స్ 45 గ్రాములు, ఆల్ఫా ఆసిడ్ (చేదునిచ్చే పదార్థం) 6 శాతం దగ్గరిది. పైన చెప్పిన ఈస్టే ఒక ప్యాకెట్. నీళ్లు 16 లీటర్లు.

ఈ 16 ఎలా వచ్చిందో చూపిస్తాను, ఎందుకంటే లెక్కలంటే మీరు భయపడుతున్నది ఇక్కడే. వెనక నుంచి రండి. ఫెర్మెంటర్‌లోకి 10 లీటర్లు కావాలి. గిన్నె అడుగున హాప్స్ మడ్డితో ఒక లీటరు వదిలేస్తాం. అంటే మరిగించడం ఆపేటప్పటికి 11 ఉండాలి. గంటసేపు మరిగితే ఇలాంటి గిన్నెలో సుమారు 3 లీటర్లు ఆవిరవుతుంది, కాబట్టి మొదలుపెట్టేటప్పుడు 14. సంచిని పిండాక కూడా కిలో గింజలు సుమారు 0.8 లీటర్ల నీటిని పట్టుకుంటాయి, 2.4 కిలోలకు దాదాపు 2 లీటర్లు. మొత్తం 16. గింజలు వేశాక మట్టం 17.6 లీటర్ల దగ్గరికి వస్తుంది, మీ గిన్నెలో కాస్త ఇరుకుగానే అయినా పడుతుంది. ఆవిరయ్యేది మంటను బట్టీ, గిన్నె వెడల్పును బట్టీ మారుతుంది. అందుకే ముందురోజు ఉత్తి నీళ్లు గంటసేపు మరిగించి ఎంత తగ్గిందో చూసుకుంటే మీ అంకె మీకు దొరుకుతుంది. పొడవాటి గరిటె కాడ మీద లీటరు లీటరుకూ గీతలు పెట్టుకోండి, రోజంతా పనికొస్తుంది.

గ్రావిటీ, అంటే వోర్ట్‌లో ఎంత చక్కెర కరిగిందో చెప్పే అంకె, దాని లెక్క కూడా ఇంతే. కిలో పేల్ మాల్ట్‌లోని సారమంతా ఒక లీటరు నీటిలోకి దిగితే సుమారు 300 పాయింట్లు (1.036 అంటే 36 పాయింట్లు) వస్తాయని లెక్క. 2.4 కిలోలకు 720. అదంతా మన చేతికి రాదు, మొదటిసారికి 70 శాతం వస్తుందనుకోండి, 504. దాన్ని 14 లీటర్లకు పంచితే 36, అంటే మరిగించే ముందు హైడ్రోమీటర్ 1.036 చూపించాలి. 11 లీటర్లకు దిగాక 1.046. సంచిలో మాష్ చేసి గింజలను వేరే నీళ్లతో కడగకుండా వదిలేస్తే 65 నుంచి 75 శాతం రావడం మామూలే. ఎక్కువ శాతం రాబట్టడం కోసం తంటాలు పడొద్దు. బ్యాచ్ బ్యాచ్‌కీ ఒకేలా రావడమే మీకు కావాల్సింది, అప్పుడే వంటకం రాసుకోవడం వీలవుతుంది.

గ్రావిటీ తక్కువ వచ్చిందనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం గింజ సరిగా పగలకపోవడం. పొట్లం విప్పగానే గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరచి చూడండి. పొట్టు చాలావరకు రెండు డిప్పలుగా ఉండాలి, లోపలి తెల్లటి గింజ నాలుగైదు ముక్కలై నూకలా ఉండాలి. సాంతం గింజలు కనిపిస్తే ఒకటి తీసి గోటితో నొక్కండి. చెక్కుచెదరకపోతే దానిలోని పిండి మీకు దక్కదు. సంచి పద్ధతిలో కొంచెం మెత్తగా ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే వడగట్టే పని పొట్టుది కాదు, సంచిది. సొంత మర ఇప్పుడే అక్కర్లేదు. మరపట్టినది పొడిచోట గాలి తగలకుండా ఉంచి, కొన్ని వారాల్లో వాడేయండి.

నీళ్ల సంగతి ఇంతవరకు మీకు పట్టలేదు. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఫ్యాక్టరీ వాళ్ల నీటిలోని లవణాలు ముందే ఉంటాయి. గింజలతో చేసినప్పుడు మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే ఎంజైములు బాగా పనిచేస్తాయి. లేత రంగు మాల్ట్ ఒక్కటే వాడి, నీళ్లు బాగా కఠినంగా, క్షారంగా ఉంటే పీహెచ్ పైకి పోయి బీరు గరుకుగా, వగరుగా వస్తుంది. దీని గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి, అవన్నీ మొదటి బ్యాచ్‌కు వద్దు. మీ నీళ్ల గురించి తెలియకపోతే ఆర్‌ఓ నీళ్లు 16 లీటర్లు తీసుకుని, ఆహారంలో వాడదగ్గ జిప్సం 2 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 2 గ్రాములు కలపండి. పేల్ ఏల్‌కు అది చాలు. కుళాయి నీళ్లే వాడేటట్టయితే క్లోరిన్ వాసన తప్పకుండా పోగొట్టాలి. మరిగిస్తే క్లోరిన్ పోతుంది కానీ క్లోరమైన్ అంత సులువుగా పోదు. కాంప్డెన్ మాత్ర (క్లోరిన్‌ను పోగొట్టే సల్ఫైట్ మాత్ర) ఒకటి దాదాపు 75 లీటర్లకు సరిపోతుంది, 16 లీటర్లకు దానిలో పావు పొడిచేసి కలిపితే రెండూ పోతాయి. ఇది వదిలేస్తే బీరులో మందుల వాసన వస్తుంది, దాన్ని తర్వాత ఏం చేసినా పోగొట్టలేం.

ఇప్పుడు ఆ గంటలోకి, మాష్‌లోకి వద్దాం. నీళ్లు 69.5 డిగ్రీలకు తెచ్చి మంట ఆపండి. గింజలు గది ఉష్ణోగ్రతలో, 25 దగ్గర ఉంటే, కలిపాక 67కు దిగుతుంది. గింజ చల్లగా ఉంటే అర డిగ్రీ పెంచుకోండి. సంచి గిన్నెలో పరచి, అంచు చుట్టూ క్లిప్పులు పెట్టి, ఒక చేత్తో గింజలు కొద్దికొద్దిగా పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఉండ లోపల పొడిపిండి అలాగే ఉండిపోతుంది, నీళ్లు చేరని పిండి చక్కెర కాదు. అన్నీ పోశాక కూడా రెండు మూడు నిమిషాలు అడుగు నుంచి పైకి తిప్పండి, గరిటెకు తగిలిన ప్రతి ఉండనూ గిన్నె గోడకేసి చిదమండి. తర్వాత థర్మామీటర్‌ను ఒక్కచోట కాకుండా నడుమ, అంచున, అడుగున పెట్టి చూడండి. మూడు చోట్లా మూడు అంకెలు వస్తే ఇంకా కలపాలని అర్థం.

వేడి ఎక్కువైతే కంగారు వద్దు. ఇంత పరిమాణానికి సుమారు 400 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు పోస్తే ఒక డిగ్రీ దిగుతుంది. తక్కువైతే అర లీటరు మరిగే నీళ్లకు ఒక డిగ్రీ పెరుగుతుంది, దానికోసం పక్కన ఒక కెటిల్ సిద్ధంగా పెట్టుకోండి. ఇలా పోసినా మొత్తం 16 దాటకూడదంటే మొదట్లోనే ఒక లీటరు పక్కకు తీసి ఉంచండి. మంట వెలిగించి వేడి పెంచడం నాకు ఇష్టం లేదు. అడుగున సంచి ఆని కాలిపోతుంది, పైన 66 ఉన్నప్పుడు అడుగున 80 ఉంటుంది. ఇంకో దారి లేకపోతే సంచి కింద ఒక స్టీలు జల్లి పళ్లెం వేసి, సన్నటి మంట మీద ఆపకుండా కలుపుతూ చేయండి.

మూత పెట్టి, దుప్పటితో గిన్నెను బాగా చుట్టేయండి. మంట ఆరిపోయిందో లేదో ఒకసారి చూసుకుని చుట్టండి. చిన్న బ్యాచ్ త్వరగా చల్లారుతుంది, గంటలో రెండు మూడు డిగ్రీలు పడిపోవడం మామూలే. చాలావరకు మార్పు మొదటి 20, 30 నిమిషాల్లోనే జరుగుతుంది కాబట్టి చివర్లో పడిన డిగ్రీలకు పెద్ద విలువ లేదు. మాటిమాటికీ మూత తీసి చూడకండి, ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. ఆ చూసే రెండుసార్లూ మాత్రం శ్రద్ధగా చూడండి. మొదట్లో ద్రవం పాలలా తెల్లగా, మసకగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే పిండి రుచి. అరగంటకు చూస్తే అదే తేటబడి, తేనె రంగుకు తిరిగి, తియ్యగా ఉంటుంది. వేలికి రాసుకుంటే జిగట. పంచదార ఏమీ వేయకుండా, వేడినీళ్లు పోసి ఊరకే ఉంచితే వచ్చిన తీపి అది. నన్ను అడిగితే ఆల్ గ్రెయిన్‌లో అన్నిటికంటే బాగుండేది ఆ క్షణమే.

పిండి అంతా మారిందో లేదో అనుమానమైతే అయోడిన్ పరీక్ష చేయండి. తెల్ల పళ్లెంలో ఒక చుక్క ద్రవం, దాని మీద ఒక చుక్క అయోడిన్. నీలం నలుపు కలిసిన రంగు వస్తే పిండి మిగిలి ఉంది, ఇంకో పావుగంట ఆగండి. అయోడిన్ రంగులోనే ఉండిపోతే అయిపోయినట్టే. పొట్టు ముక్క పడకుండా తీయండి, పొట్టు ఎప్పుడూ నల్లబడి తప్పుదారి పట్టిస్తుంది. ఆ చుక్కను తిరిగి గిన్నెలో కలపొద్దు.

గంటయ్యాక సంచి ఎత్తాలి. నీళ్లు తాగిన గింజలు నాలుగైదు కిలోలు తూగుతాయి, 65 డిగ్రీల వేడిలో ఉంటాయి. మందపాటి గ్లవ్స్ వేసుకోండి, మొదటిసారి పక్కన ఇంకొకరుంటే మంచిది. మెల్లగా పైకి లాగి, మూతిని మెలితిప్పి, గిన్నె మీద జల్లెడలో పెట్టి కారనివ్వండి. కాస్త చల్లారాక పిండేయండి. పిండితే వగరు దిగుతుందని కొందరు భయపెడతారు. వగరు రావడానికి అసలు కారణం పీహెచ్ 6 దాటడం, దానికి ఎక్కువ వేడి తోడవడం. కాబట్టి నిశ్చింతగా పిండండి. మిగిలిన గింజలు ఒక్క రోజులోనే పులిసి వాసన కొడతాయి, వెంటనే ఎరువు గుంటలో వేసేయండి. ఇంట్లో కుక్క ఉంటే హాప్స్ దానికి దొరకకుండా చూసుకోండి, హాప్స్ కుక్కలకు విషం.

ఇప్పుడు ఆగి కొలవండి. ఎన్ని లీటర్లు ఉంది, గ్రావిటీ ఎంత ఉంది. హైడ్రోమీటర్‌లోకి తీసిన వోర్ట్‌ను 20 డిగ్రీలకు చల్లార్చాకే చూడండి, వేడిగా ఉంటే తక్కువ చూపిస్తుంది. 14 లీటర్లు, 1.036 వచ్చాయా, సంతోషం. 1.031 వచ్చిందా, అప్పుడు మీ రెండో కిట్ గుర్తుకు రావాలి. అందులో పొడి ఎక్స్‌ట్రాక్ట్ ఉంటే, ప్రతి 100 గ్రాములకూ 11 లీటర్లలో మూడు పాయింట్లకు పైగా పెరుగుతుంది. 200 గ్రాములు వేస్తే లోటు తీరిపోతుంది. డబ్బాలోది ద్రవమైతే అదే ఫలితానికి 250 గ్రాములు కావాలి, అది కూడా హాప్స్ కలపని రకమైతేనే. చేదు ముందే కలిపిన కిట్టయితే ఈ పనికి వాడొద్దు, దాన్ని మామూలుగా కిట్‌గానే చేసుకోండి. గ్రావిటీ ఎక్కువ వస్తే నీళ్లు పోయడమే. ఏమీ సరిచేయకుండా వదిలేసినా, 60 శాతమే వచ్చినా, 1.039 దగ్గర మొదలై 4 శాతానికి కొంచెం తక్కువ ఆల్కహాల్ ఉండే తేలికపాటి బీరు వస్తుంది. పారబోసేంత నష్టం ఇందులో ఎక్కడా లేదు.

మరిగించడం మీకు తెలిసిందే, రెండు తేడాలు మాత్రం చెబుతాను. గింజల వోర్ట్ మొదటి మరుగులో కిట్ కంటే ఎక్కువ నురగ కడుతుంది. పొంగే సమయంలో గిన్నె దగ్గర నుంచి కదలొద్దు, మంట మీద ఒక చెయ్యి ఉండాలి. మూత పెట్టొద్దు, ఉడికిన మొక్కజొన్న వాసన ఇచ్చే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరిగా బయటికి పోవాలి. పేల్ ఏల్ మాల్ట్‌కు 60 నిమిషాలు చాలు, పిల్స్‌నర్ మాల్ట్ వాడినప్పుడు 90 పెట్టుకోండి. మరుగు మొదలవగానే 15 గ్రాముల హాప్స్, ఆపడానికి 10 నిమిషాల ముందు 15, మంట ఆపగానే 15. మీ పాత కిట్ వంటకాల్లోని హాప్స్ కొలతల్ని ఇక్కడికి ఎత్తి రాయకండి. పలచటి వోర్ట్‌లో చేదు ఎక్కువగా దిగుతుంది, అదే కొలత వేస్తే మరీ చేదవుతుంది. గ్యాస్ బర్నర్‌ను మూసిన గదిలో వాడొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

రెండో తేడా చల్లార్చడం. కిట్‌లో చల్లనీళ్లు కలిపేసరికి పని అయిపోయేది. ఇప్పుడు 11 లీటర్లూ మరిగే వేడిలో ఉన్నాయి, కలపడానికి నీళ్లు లేవు. మూత పెట్టి గిన్నెను ఐస్‌నీళ్ల టబ్‌లో దించి, నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చండి. ఇంత పరిమాణానికి అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. 20 లీటర్ల బ్యాచ్‌లకు వెళ్లినప్పుడు రాగి గొట్టం చుట్ట కొనుక్కోవాలి. నేను మొదట కొనమనే పరికరం అదే, ఇంకో పాత్ర కంటే ముందు. వోర్ట్ 20 డిగ్రీలకు దిగాక ఫెర్మెంటర్‌లో పైనుంచి ధారగా పోసి, బాగా కదిపి, ఈస్ట్ వేయండి. మరిగినప్పుడు పోయిన ఆక్సిజన్ అలా కొంత తిరిగి చేరుతుంది. అక్కడి నుంచి 18, 20 డిగ్రీల సంగతి మళ్లీ అదే.

రెండోసారి ఏం చేయాలో కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అదే మాల్ట్, అదే హాప్, అదే ఈస్ట్. మాష్ ఒక్కటే 64 చేయండి. నీళ్లు 66.5 దగ్గర మొదలుపెడితే అక్కడికి దిగుతుంది, సమయం 75 నిమిషాలు ఇవ్వండి. మొదటి బ్యాచ్ సీసాలు రెండు దాచి, పక్కపక్కన పోసుకుని తాగి చూడండి. ఆ తేడా నోటికి తెలిశాక, ఏ వంటకంలో ఏ ఉష్ణోగ్రత ఎందుకు రాశారో మీకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఈ రెండుసార్లూ నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: గింజలు కలిపి ఐదు నిమిషాలయ్యాక ఉష్ణోగ్రత, గంట చివర ఉష్ణోగ్రత, మరిగించే ముందు ఎన్ని లీటర్లు, అప్పుడు గ్రావిటీ ఎంత. రెండుసార్లూ 60 శాతం దాటకపోతే ఆ అంకెలతోపాటు మరపట్టిన గింజల ఫొటో ఒకటి తీసి మళ్లీ రాయండి. లోపం మరలో ఉందో, థర్మామీటర్‌లో ఉందో, నీళ్లలో ఉందో వెతికి చెబుతాను.